వెన్ను నిలుపుకుందాం

తెలుగు భాషలో వెన్నుకు గొప్ప స్థానం ఉంది. ఆపదలో అండగా నిలిచేవారిని ‘వెన్నుదన్ను’ అంటాం. మంచి పని చేసినవారిని ‘వెన్ను తట్టి’ ప్రోత్సహిస్తాం. యుద్ధభూమి నుండి పారిపోయినవాడు ‘వెన్ను చూపినవాడు’. నమ్మినవారికి చేసే ద్రోహం ‘వెన్నుపోటు’. గొప్ప కార్యానికి పూనుకున్నవాడు ‘నడుము బిగిస్తాడు’. అలసినవాడు కాసేపు ‘నడుము వాలుస్తాడు’. ధైర్యం, శ్రమ, విశ్రాంతి, విశ్వాసం అనే నాలుగింటినీ మన పూర్వులు ఈ ఒక్క అవయవంతోనే ముడిపెట్టి చెప్పుకున్నారు. అలాంటి వెన్నుకు దెబ్బ తగిలితే మనిషి బ్రతుకే కుంటుపడినట్లవుతుంది.

భాగవతం దశమస్కంధంలో కుబ్జ కథ ఉంది. దేహంలో మూడు వంకరలు ఉండటం వల్ల ఆమెకు ‘త్రివక్ర’ అని పేరు. మథురానగర వీధిలో ఆమె శ్రీకృష్ణునికి మైపూతలు సమర్పిస్తుంది. ఆయన తన పాదాలతో ఆమె పాదాలను అదిమి, రెండు వేళ్లతో గడ్డం పట్టి పైకెత్తగానే ఆమె నిటారుగా నిలుస్తుంది. పురాణకథలో ఇది క్షణంలో జరిగిపోయింది. లోకంలో అలా జరగదు. వైద్యుడు గంట, రెండు గంటలలో శస్త్రచికిత్స ముగించినా, రోగి లేచి నడిచి తిరిగి తన పనిలో ప్రవేశించడానికి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. ఆ వ్యవధిలో రోగి ఏమి చేయాలి, ఏమి చేయరాదు, ఇంటివారి బాధ్యత ఏమిటి అన్న విషయాలను తెలుసుకోవడం మనందరికీ అవసరం.

నిజామాబాదు జిల్లా రెంజల్ మండలంలో గోదావరి తీరాన ఉన్న గ్రామం కందకుర్తి. గోదావరి తెలంగాణ నేలపై అడుగుపెట్టేది ఇక్కడే. మంజీర, హరిద్ర నదులు గోదావరితో కలిసే ఈ చోటును త్రివేణి సంగమంగా భావించి భక్తులు స్నానాలకు వస్తారు. దీనికి సమీపంలోనే బోధన్ పట్టణం ఉంది. 1931లో మంజీరపై నిజాంసాగర్ నిర్మాణం పూర్తికావడంతో ఈ ప్రాంతపు పొలాలకు నీరు లభించింది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం స్థాపించబడింది. దానితో చుట్టుపక్కల గ్రామాలు చెరకు తోటలతో నిండాయి. 2015 డిసెంబరులో ఆ కర్మాగారం మూతపడింది. చెరకు తగ్గి వరి పెరిగింది. పంట మారినా నడుముకు మాత్రం విశ్రాంతి దొరకలేదు.

ఈ ప్రాంతంలోని పనులను ఒక్కసారి గమనించండి. చెరకు నరకడానికి మొదలు వరకు వంగాలి. నరికిన గడలను మోపు కట్టి ట్రాక్టరుపైకి ఎత్తాలి. వరినాట్లు వేసే స్త్రీలు బురదలో నిలిచి పొద్దంతా వంగే ఉంటారు. ధాన్యం బస్తాలను మోసే హమాలీలు భారాన్ని వీపుపైననే వేసుకుంటారు. ఇంటివద్ద బీడీలు చుట్టే స్త్రీలు ఒడిలో చాట పెట్టుకుని, తునికాకుపై చూపు నిలిపి, గంటల తరబడి ముందుకు వంగి కూర్చుంటారు. వీరందరికీ నడుము ఒక పనిముట్టు వంటిది. ఆ పనిముట్టు పాడైతే ఆనాటి కూలి ఉండదు. అందువల్ల ఇటువంటి ప్రాంతంలో వెన్ను శస్త్రచికిత్స ఒక కుటుంబం బ్రతుకుదెరువుకు సంబంధించిన విషయం. ఇది ఈ ఒక్క ప్రాంతపు సమస్య కూడా కాదు. 2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది నడుమునొప్పితో బాధపడినట్లు ప్రపంచ ఆరోగ్యసంస్థ తెలిపింది.

వెన్నెముక నిర్మాణం ఎంతో చిత్రమైనది. ఇందులో మొత్తం 33 పూసలు ఉంటాయి. మెడలో 7, వీపులో 12, నడుములో 5, దాని దిగువన 5, చివర 4. దిగువనున్న పూసలు పెద్దవారిలో ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. పైనున్న పూసల నడుమ మెత్తని బిళ్లలు ఉంటాయి. వీటినే ‘డిస్కులు’ అంటారు. బిళ్ల వెలుపలి భాగం గట్టి నారతో అల్లినట్లుంటుంది. లోపలి భాగం జిగురుగా ఉంటుంది. నడిచినా, గెంతినా, బరువెత్తినా కలిగే అదురును ఈ బిళ్లలే తట్టుకుంటాయి. పూసల వెనుకనున్న దారిలో వెన్నుపాము, దాని నుండి చీలిన నరాలు సాగుతాయి. వయసువల్లనో, అధిక శ్రమవల్లనో బిళ్ల వెలుపలి పొర చీలితే లోపలి పదార్థం బయటకు ఉబ్బి పక్కనున్న నరాన్ని ఒత్తుతుంది. నడుములోని చివరి రెండు బిళ్లల వద్ద ఇది ఎక్కువగా జరుగుతుంది. అప్పుడు నొప్పి పిరుదు నుండి తొడ, పిక్కల మీదుగా పాదం వరకు మంటలా పాకుతుంది. దీనినే ‘సయాటికా’ అంటున్నారు. మన ప్రాచీన వైద్యులకు ఈ బాధ తెలియనిది కాదు. చరకసంహిత వాతరోగాలలో ‘గృధ్రసి’ని పేర్కొన్నది. గృధ్రమంటే గద్ద. రోగి నడక గద్ద నడకను పోలి ఉంటుందని ఆ పేరు పెట్టారని వ్యాఖ్యానిస్తారు.

బిళ్ల జారి నరాన్ని ఒత్తడమే ఈ నొప్పికి ముఖ్యకారణమని 1934లో అమెరికాలోని బోస్టన్ నగరానికి చెందిన మిక్స్టర్, బార్ అనే శస్త్రవైద్యులు తమ వ్యాసంలో నిరూపించారు. ఉబ్బిన భాగాన్ని తొలగిస్తే నొప్పి తగ్గుతుందని వారు చూపారు. 1977 నాటికి సూక్ష్మదర్శిని సాయంతో చిన్నకోత ద్వారా ఈ పని చేసే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. అయితే బిళ్ల జారిన ప్రతివారికీ శస్త్రచికిత్స అవసరం రాదు. చాలామందికి కొన్ని వారాలలో మందులతో, తగిన వ్యాయామంతో ఉపశమనం కలుగుతుంది. అలా తగ్గని తీవ్రమైన కాలినొప్పి ఉన్నప్పుడు, కాలిలో బలం తగ్గుతున్నప్పుడు, మలమూత్రాలపై పట్టు తప్పినప్పుడు వైద్యులు శస్త్రచికిత్సను సూచిస్తారు. చివరిది అత్యవసర పరిస్థితి. అందులో గంటలు కూడా విలువైనవే.

ఒకప్పుడు ఇటువంటి చికిత్స సామాన్యునికి అందని మాట. హైదరాబాదులో 1964లో ఎముకల ఆసుపత్రిగా ప్రారంభమైన సంస్థయే తరువాత నిమ్స్‌గా ఎదిగింది. 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలై పేద కుటుంబాలకు పెద్ద చికిత్సలను అందుబాటులోకి తెచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరులో ఈ పథకం పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. నిజామాబాదులో 2013లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమయింది. చికిత్సకు దారి సుగమమయింది గాని, చికిత్స తరువాతి దినాల గురించిన అవగాహన మన ఇళ్లలో ఇంకా పెరగవలసి ఉంది. ‘నడుముకు కత్తి తగిలితే మంచాన పడినట్లే’ అన్న భయం ఒకవైపు, ‘నొప్పి పోయింది గదా, ఇక పొలం పోవచ్చు’ అన్న తొందర మరొకవైపు రోగిని లాగుతుంటాయి. ఈ రెండూ హానికరమైనవే.

మొదట భయం సంగతి చూద్దాం. నడుము నొప్పికి వారాల తరబడి మంచం పట్టి ఉండటమే మందు అని పూర్వం వైద్యులు కూడా భావించేవారు. శస్త్రచికిత్స అవసరం లేని నడుము నొప్పిపై 1986లో అమెరికాలో ఒక పరిశీలన వెలువడింది. ఏడు దినాల విశ్రాంతి సూచించబడిన వారికంటె రెండు దినాల విశ్రాంతి సూచించబడినవారే పనికి తక్కువ దినాలు దూరమైనట్లు అందులో తేలింది. కదలకుండా పడుకుంటే కండరాలు క్షీణిస్తాయి. కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. అందుచేతనే నేడు సాధారణమైన డిస్కు శస్త్రచికిత్స జరిగిన రోజునో, మరునాడో రోగిని లేపి నడిపిస్తారు. ‘నిన్న కోసి ఈనాడే నడిపిస్తున్నారు’ అని బంధువులు కలవరపడనక్కరలేదు. ఆ నాలుగడుగులు కూడా చికిత్సలో భాగమే.

మంచం నుండి లేవడానికి ఒక క్రమం ఉంది. వెల్లకిల పడుకున్నవారు తటాలున నడుము లేపి కూర్చోరాదు. ముందు మోకాళ్లు ముడవాలి. భుజాలు, నడుము, మోకాళ్లు ఒకేసారి తిరిగేటట్లు దుంగ దొర్లినట్లుగా పక్కకు తిరగాలి. తరువాత కాళ్లను మంచం అంచు నుండి కిందికి దించుతూ, చేతిని ఊతంగా మోపి లేవాలి. పడుకునేటప్పుడు ఇదే వరుసను తిరగవేయాలి. కుంగిపోయిన నులకమంచం ఈ సమయంలో పనికిరాదు. చదునుగా, మరీ మెత్తగా లేని పరుపు మేలు. దానిని నేలపై గాక, మోకాలి ఎత్తున్న మంచంపై వేస్తే లేవడం సులభమవుతుంది.

కోతకు వేసిన కుట్లను సాధారణంగా 10 నుండి 14 దినాలలో తీస్తారు. అంతవరకు గాయాన్ని పొడిగా ఉంచాలి. దానిపై పసుపుగాని, ఆకు పసరుగాని, నూనెగాని రాయరాదు. పసుపు మన జిల్లాకు కీర్తి తెచ్చిన పంటయే అయినా, కుట్లమీద దాని పని లేదు. గాయం పూర్తిగా మానిందని వైద్యుడు చెప్పేవరకు నదీస్నానం, చెరువు స్నానం మానుకోవాలి. మొక్కు ఉన్నవారు సంగమానికి వెళ్లి ఒడ్డునుండి నమస్కరించి రావచ్చు. మునక వేయడానికి గాయం మానిన తరువాత ఎన్నో పుణ్యతిథులు వస్తాయి.

మొదటి ఆరు వారాలలో పాటించవలసిన నియమాలను మూడు మాటలలో చెప్పవచ్చు. నడుము వంచరాదు, మెలి తిప్పరాదు, బరువెత్తరాదు. కూర్చోవడంలో కూడా మితం ఉండాలి. స్వీడన్ వైద్యుడు నాకెమ్సన్ 1960 దశకంలో వెన్ను బిళ్లలలోని ఒత్తిడిని కొలిచాడు. పడుకున్నప్పటికంటె నిలుచున్నప్పుడు, నిలుచున్నప్పటికంటె కూర్చున్నప్పుడు, అందులోనూ ముందుకు వంగి కూర్చున్నప్పుడు ఒత్తిడి ఎక్కువగా ఉంటుందని ఆయన గమనించాడు. కాబట్టి మొదట్లో ఇరవై, ముప్పై నిమిషాలకు మించి ఒకేచోట కూర్చోక, లేచి నాలుగడుగులు వేయడం మంచిది. ఉదయం, సాయంత్రం చదునైన దారిలో కొద్దికొద్దిగా నడవాలి. ఈనాడు వాకిలి వరకు, రేపు వీధి మలుపు వరకు, వారం తరువాత గుడివరకో మసీదువరకో దూరాన్ని పెంచుకుంటూ పోవాలి. సుమారు నాలుగు నుండి ఆరు వారాల తరువాత ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో పొట్ట, వీపు కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు మొదలుపెడతారు. ఇలా చేసినవారిలో నొప్పి, అశక్తత త్వరగా తగ్గుతున్నట్లు పరిశోధనలు చెబుతున్నాయి. ముందుకు వంగే యోగాసనాలను మాత్రం వైద్యుని అనుమతి లేకుండా చేయరాదు.

మన జీవనవిధానం చాలావరకు నేలతో ముడిపడినది. నేలపై కూర్చుని భోజనం చేస్తాం. నేలపై కూర్చుని కూరగాయలు తరుగుతాం. వంగి ఊడుస్తాం, వాకిట్లో ముగ్గు వేస్తాం. పూజకైనా, నమాజుకైనా నేలమీదనే ఆసీనులమవుతాం. శస్త్రచికిత్స జరిగినవారికి కొంతకాలం ఈ నేలను కొంచెం పైకి తేవాలి. పొయ్యిని నిలబడి వండుకునే ఎత్తులో అమర్చాలి. పొడవాటి కర్ర ఉన్న చీపురు వాడాలి. భోజనానికి కుర్చీ, బల్ల వేయాలి. మోకాళ్లు ముడిచి కూర్చునే మరుగుదొడ్డికి బదులు నడుమ రంధ్రం ఉన్న కుర్చీని ఏర్పాటు చేయాలి. కుర్చీలో కూర్చుని చేసిన ప్రార్థన దైవానికి తక్కువ కాదు. మలబద్ధకం వల్ల ముక్కవలసి వస్తే నడుముపై భారం పడుతుంది. కనుక నీరు, ఆకుకూరలు, పండ్లు, జొన్నరొట్టె వంటి పీచు ఉన్న ఆహారం తీసుకోవాలి.

ఇక తొందర సంగతి. శస్త్రచికిత్సతో కాలినొప్పి చాలామందికి త్వరగా తగ్గుతుంది. కాని నరం కోలుకోవడం నెమ్మదిగా సాగుతుంది. దెబ్బతిన్న నరపు పోగు తిరిగి పెరిగే వేగం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే. అందుచేత పాదంలో తిమ్మిరి నెలలపాటు ఉండవచ్చు, కొందరికి కొంత మిగిలిపోనూ వచ్చు. తిమ్మిరి ఉన్నంతమాత్రాన చికిత్స విఫలమైనట్లు కాదు. నొప్పి లేనంతమాత్రాన నడుము పూర్తిగా గట్టిపడినట్లూ కాదు. బిళ్లలో మిగిలిన భాగం మళ్లీ జారే అవకాశం ఉంటుంది. పూసలను మరలతో బిగించి కలిపే శస్త్రచికిత్స అయితే ఎముక అతుక్కోవడానికే కొన్ని నెలలు పడుతుంది. పొగతాగడం ఆ అతుకును ఆలస్యం చేస్తుంది. కాబట్టి బీడీ, సిగరెట్లను వదలడం కూడా మందు వేసుకోవడం వంటిదే.

పనిలోకి తిరిగి వెళ్లడం ఆ పని స్వభావాన్నిబట్టి ఉంటుంది. డిస్కు చికిత్స పొందినవారిలో కూర్చుని చేసే ఉద్యోగులు కొన్ని వారాలలోనే వెళ్లగలుగుతారు. చెరకు నరకడం, బస్తాలు మోయడం వంటి పనులకు రెండు, మూడు నెలలు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ కాలం ఆగవలసి ఉంటుంది. ఆ తీర్పు వైద్యునిదే. వెళ్లిన తరువాత కూడా పాత పద్ధతి కొంత మారాలి. బరువును ఎత్తేటప్పుడు నడుమును గాక మోకాళ్లను వంచి, వస్తువును ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవాలి. నిండుబిందెకు బదులు సగం బిందెలు రెండుసార్లు తేవచ్చు. బస్తాను ఇద్దరు పట్టవచ్చు. బీడీలు చుట్టేవారు గోడకు వీపు ఆనించి, చాటను ఎత్తుపీటపై పెట్టుకుని, అరగంటకొకసారి లేవాలి. గతుకుల దారిలో ద్విచక్రవాహన ప్రయాణం, బస్సులో వెనుక సీటు కొంతకాలం వద్దు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం ఆలస్యం కూడదు. జ్వరం రావడం, గాయం ఎర్రబడి చీము కారడం, కాలిలో కొత్తగా బలహీనత కలగడం, పిక్క వాచి నొప్పి పుట్టడం వంటివి కనిపిస్తే వెంటనే శస్త్రచికిత్స చేసిన వైద్యుని సంప్రదించాలి. మూత్రం రాకపోవడం లేదా తెలియకుండానే పోవడం, తొడల నడుమ స్పర్శ తెలియకపోవడం, ఉన్నట్టుండి ఊపిరి ఆడకపోవడం వంటివి ఏర్పడితే ఒక్క క్షణం కూడా వేచి ఉండరాదు. 2005లో మొదలైన 108 వాహనసేవను పిలిచి ఆసుపత్రికి చేరాలి. రాత్రివేళ గదా, తెల్లవారిన తరువాత చూద్దామనుకుంటే నరం శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

తొందరపాటుకు, ఓర్పుకు ఉన్న భేదాన్ని క్రీడాకారుల జీవితాలలో స్పష్టంగా చూడవచ్చు. క్రికెట్ ఆటగాడు జస్ప్రీత్ బుమ్రా వెన్ను గాయంతో ఆటకు దూరమై 2022 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. అతి కొద్ది మ్యాచ్‌లకే గాయం తిరగబెట్టి ఆ ఏటి ప్రపంచకప్పు పోటీకి దూరమయ్యాడు. 2023 మార్చిలో న్యూజిలాండులో శస్త్రచికిత్స జరిగింది. ఈసారి దాదాపు ఐదు నెలలు ఆగి, ఆగస్టులో ఐర్లండుపై నాయకుడుగా ఆడి మొదటి ఓవరులోనే రెండు వికెట్లు తీశాడు. మన నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్‌కు 2017లో గాయమైంది వెన్నుకు కాదు, భుజానికి. శస్త్రచికిత్స తరువాత ఆమె చాలాకాలం బాక్సింగు బరికి దూరంగా ఉండవలసి వచ్చింది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో ఆమె ప్రపంచ విజేతగా నిలిచింది. వీరికి శిక్షకులు, వైద్యులు నిత్యం వెంట ఉంటారు. చెరకు కూలీకి అటువంటి పరివారం లేదు. అతనికి ఆ పరివారం ఇంటివారే కావాలి.

కుటుంబ సభ్యుల కర్తవ్యం ఇక్కడే ఉంది. మూడు నెలలు పనిలేకపోతే ఇల్లు గడవడం కష్టం. ఆ కష్టమే రోగిని నొప్పితోనైనా పొలానికి తరుముతుంది. తాను ఇంటికి భారమైనానన్న బాధ కొందరిని లోలోపల కుంగదీస్తుంది. పరామర్శకు వచ్చినవారు ‘ఫలానా ఆయన మళ్లీ లేవనే లేదు’ అని చెప్పే కథలు ఆ కుంగుబాటును పెంచుతాయి. అటువంటి మాటలను గడప దగ్గరే ఆపాలి. కాలేజీకి వెళ్లే పిల్లలు నీళ్లు మోయడం, మందుల వేళలు గుర్తుచేయడం, సాయంత్రం నాన్నతోనో నాయనమ్మతోనో కలిసి నడవడం వంటి పనులను తమ బాధ్యతగా స్వీకరించాలి. అలాగని రోగిని చంటిపిల్లవానిలా కూర్చోబెట్టి అన్నీ తామే చేయరాదు. తన స్నానం తాను చేయగలిగిననాడు, తన పళ్లెం తాను తీయగలిగిననాడు రోగికి కలిగే ధైర్యం ఏ మందూ ఇవ్వలేదు.

కందకుర్తి వద్ద మూడు నదులు కలిసి ఒక ప్రవాహంగా ముందుకు సాగుతున్నట్లే, రోగి కోలుకోవడంలో కూడా మూడు పాయలు కలవాలి. ఒకటి వైద్యుని నైపుణ్యం. రెండవది రోగి పట్టుదలతో, మితంగా చేసే సాధన. మూడవది ఇంటివారి ఆదరణ. వీటిలో ఏ ఒక్కటి ఎండిపోయినా ప్రవాహం సన్నగిల్లుతుంది. నాగలి పట్టిన, కొడవలి పట్టిన, చాట పట్టిన చేతులు మళ్లీ తమ పని తాము చేసుకోగలిగినప్పుడే శస్త్రచికిత్స సఫలమైనట్లు. అంతవరకు వారికి వెన్నుదన్నుగా నిలవడం మన ధర్మం.